కళింగపట్నపు ఉప్పుగాలి, ఉద్దానపు నీడ

అనంతపురము సీమలో పుట్టి పెరిగినవారికి కళింగపట్నమను పేరు భూగోళ పాఠములకంటె ముందుగా రేడియో వార్తలలో పరిచయమగును. బంగాళాఖాతమున వాయుగుండము పుట్టినదనగానే భీమునిపట్నము, కళింగపట్నము ఓడరేవులలో ఫలానా నంబరు ప్రమాదసూచిక ఎగురవేసిరని గంభీరస్వరమున చదివెడివారు. ఆ వార్త విన్న మా పెద్దలు భయపడుటకు మారుగా ఆకాశము వంక ఆశతో చూచెడివారు. ఏలయనగా ఆ గుండము కాస్త దక్షిణమునకు మరలి నెల్లూరు దిక్కున తీరము దాటినచో మా చెరువులలోనికి నాలుగు నీళ్ళు వచ్చును. ప్రమాదసూచిక ఎగిరిన ఆ రేవు ఎట్టిది, అచ్చటి ఇంటి పెరళ్ళలో ఏమి పూయును, ఏమి కాయును అను కుతూహలము చిన్ననాటినుండియు నాలో నిలిచియుండగా, మొన్న మాఘమాసమున ఒక మిత్రునితో కూడి విజయనగరము మొదలుకొని ఇచ్ఛాపురము దిక్కుగా ఆ తీరమంతయు తిరిగి చూచు భాగ్యము కలిగినది.

మా సీమలో ఏటికి కురియు వాన 550 మిల్లీమీటర్లకు అటునిటుగా నుండును. కళింగపట్నమున వాన దానికి దాదాపు రెట్టింపు. ఈ లెక్క చూచి, రెట్టింపు వాన కురియుచోట రెట్టింపు పచ్చదనముండుట సహజమేకదా అని తోటలను గూర్చిన విచారమును అంతటితో ముగించువారు పెక్కుమంది కలరు. కాని మా పెరటిలో పనసమొక్కకు బిందెలకొద్ది నీరు పోసినను వేసవిలో దాని లేతాకుల అంచులు మాడుటయు, నీరు పోయుట మరచిన దానిమ్మ పక్కనే నిగనిగలాడుచు నిలుచుటయు ఏటేట చూచుచున్న నాకు ఆ సమాధానము చాలకుండెను. వేరుకు అందిన నీరొక లెక్క. ఆకునుండి గాలి లాగుకొను నీరు మరియొక లెక్క. 40 డిగ్రీల వేడిలో ఒక ఘనమీటరు గాలి సుమారు 51 గ్రాముల నీటియావిరిని మోయగలదు. మా ఊరి వైశాఖపు మధ్యాహ్నమున అందులో ఐదవ వంతు మాత్రమే నిండియున్నదనుకొన్నచో, తక్కిన నలుబది గ్రాముల దాహమును ఆ గాలి ఆకులపైననే తీర్చుకొనవలెను. సముద్రపుటొడ్డున 32 డిగ్రీల వేడిలో ముప్పాతికవంతు తడితో నిండిన గాలికి మిగిలిన దాహము ఎనిమిది తొమ్మిది గ్రాములకు మించదు. రెండు చోట్లను పాదులో పోసిన నీరు ఒక్కటే యైనను ఆకుపైబడు పన్ను నాలుగైదు రెట్లు భేదించుచున్నది. పనస ఆ పన్ను చెల్లింపలేదు, దానిమ్మ చెల్లింపగలదు.

విజయనగరము దాటిన తరువాత తొలి ఉదయమున మామిడితోటల మధ్యనుండి పోయితిమి. ఆ ప్రాంతమున సువర్ణరేఖకును పణుకులకును గల ప్రతిష్ఠ ఆంధ్రదేశమున ఎరుగనివారు తక్కువ. మాఘమాసమగుటచే చెట్లన్నియు పూతతో నిండియుండెను. తూర్పున సూర్యుడు పొడచూపినను పొగమంచు కొమ్మల నడుమనుండి కదలక, రోడ్డు ప్రక్కనున్న తాటిచెట్ల మొదళ్ళు కనబడుచు తలలు కనబడకుండెను. నావంటి మెట్టసీమవాడు ఆ మంచును చూచి ఎంత చల్లని తడి, చెట్లకు ఎంత మేలు అని మురిసిపోవుటలో వింత లేదు. తోట కాపలాకున్న పెద్దమనిషి మాత్రము పూతకంకినొకదానిని వంచి, వేలితో తాకి, "ఇది మంచిది కాదు బాబూ, ఈ మంచు ఇంకో వారం ఇలాగే పడితే పూత మాడిపోతాది" అని నిట్టూర్చెను. ఆ కంకిపై సన్నని తెల్లని పొడి కనబడెను; అది బూడిద తెగులు. మరికొంత దూరమున కొమ్మను తట్టగా తేనెమంచు పురుగులు చిటపటమని ఎగిరినవి. అవి విసర్జించు జిగటపై మసి పేరుకొని క్రింది ఆకులు నల్లబడియుండెను.

ఆ బూడిద తెగులు గుణము విచిత్రమైనది. గులాబీ ఆకులపై వచ్చు నల్లమచ్చ తెగులునకు ఆకు సుమారు ఏడు గంటలసేపు ఎడతెగక తడిసియుండవలెను. బూడిద తెగులునకో నీటిబొట్టు అక్కరలేదు, గాలిలో తడి యున్న చాలును, పెద్దవాన కురిసినచో దాని బీజములు కొట్టుకొనిపోవును కూడ. అనగా వాన లేని తడి దానికి పండుగ. ఆషాఢశ్రావణములలో ఎంత వాన కురిసినను ఆనందముగ త్రాగు మామిడి, పూతవేళ మాత్రము చల్లని పొడిగాలిని కోరును. ఏడాదికెంత వాన అను లెక్క ఈ చెట్టుకు అక్కరకు రాదు. ఏ నెలలో నేలలోనికి, ఏ నెలలో గాలిలోనికి తడి వచ్చుచున్నదో అదియే దాని బ్రతుకు. ఆ ముసలి కావలివాడు పంచాంగము చూచినట్లు ఆకాశమును చూచుచుండుటకు కారణము నాకు అప్పుడు బోధపడెను.

శ్రీకాకుళము చేరి, అరసవల్లి సూర్యదేవాలయమున దర్శనము చేసికొని, అచ్చటినుండి గార మీదుగా సముద్రము దిక్కుగా సాగితిమి. వరికోతలైన మళ్ళలో మినుము, పెసర మొలచి పచ్చని తివాసి పరచియుండెను. మడికి నీరు పెట్టినవారు లేరు. వరి విడిచిపోయిన చెమ్మ, రాత్రి కురిసిన మంచు, ఈ రెంటితోనే ఆ అపరాలు కాపునకు వచ్చునట. మా సీమలో కోత యైన చేను వారమురోజులకే పగుళ్ళు విచ్చును. దారిప్రక్క తాటితోపునొద్ద ఒక అవ్వ కుంపటిపై తేగలు కాల్చుచుండగా ఆగితిమి. ఆమె తేగను రెండుగా చీల్చి నడిమి చందమామను తీసి నా చేతిలో పెట్టి, మిత్రునకు మరియొకటి ఇచ్చి, "ఏ ఊరు బాబూ తమది?" అని అడిగెను. అనంతపురమనగానే, "అక్కడ తాడిచెట్లుండవా ఏటి?" అని జాలిగ చూచి, కట్టలో నుండి మరి రెండు తీసి ఒడిలో పెట్టినది. వెల పుచ్చుకొనుటకు ఎంత బ్రతిమాలినను మొదటి రెంటికే పుచ్చుకొన్నది.

కళింగపట్నమున వంశధార సముద్రములో కలియుచున్నది. ఒడిస్సా కొండలలో పుట్టి 250 కిలోమీటర్లకు పైగా ప్రవహించి, హిరమండలమునకు చేరువ గొట్టా ఆనకట్టనొద్ద పొలములకు తన పాలు పంచియిచ్చి, ముఖలింగేశ్వరుని పాదములు కడిగి, ఈ ఇసుకమేటల నడుమ ఆ నది వేగము చాలించుకొను తీరు నిలిచి చూడదగినది. ఒకప్పుడు విదేశ వర్తకనౌకలు లంగరు వేసిన ఈ రేవున నేడు జాలరుల పడవలు మాత్రమే ఒడ్డుకు చేరుచున్నవి. దీపస్తంభము మాత్రము పూర్వపు ఠీవితో నిలిచి, రాత్రులయందు తన ధర్మము తాను నెరవేర్చుచున్నది. వాతావరణశాఖవారి పరిశీలన కేంద్రము ఇచ్చట నుండుటచేతనే ఈ చిన్న గ్రామము పేరు దేశమంతట వినబడుచున్నది.

కాని నేను చూడవచ్చినది ఇసుకను. సముద్రమునకు వీపు పెట్టి, ఊరి దిక్కుగా మెల్లగా అడుగులు వేయుచు నడచినవానికి ఆ ఇసుకపై ఒక గొప్ప శాసనము వ్రాసియున్నట్లు తోచును. అల తాకి వెనుదిరుగు గీతకు కొంచెము పైన ఏమియు మొలవదు. తరువాత రావణాసురుని మీసములు. ముండ్లబంతులవంటి కంకులతో గాలికి దొర్లుచు గింజలు వెదజల్లు గడ్డి. దాని ప్రక్కనే చెవులపిల్లి తీగ, రెండుగా చీలిన దళసరి ఆకులతో, ఊదారంగు పూలతో, ఇసుకను గట్టిగ కౌగిలించుకొని ప్రాకుచున్నది. ఇవి రెండును ముందు వరుస సైనికులు. ఇసుక కదలకుండ పట్టియుంచుట వీని పని. వీని వెనుక, ఇసుక కొంత స్థిరపడినచోట, ఎవరును నాటని బిళ్ళగన్నేరు గుంపులు గుంపులుగా పూచియుండెను. ఆ వెనుక ఊడలు దించి నిలిచిన మొగలిపొదలు. మేము పోయిన ఋతువు మొగలిపూవుది కాదు. వానకారున ఇచ్చట మొదలుకొని ఉత్తరమున గంజాము తీరమువరకు ఈ పొదలలో పూవు కోయువారి సందడియు, అత్తరు బట్టీల పరిమళమును ఉండునని మిత్రుడు చెప్పెను. ఆ పైన సరుగుడు తోపులు. సరుగుడు దూరదేశపు చెట్టైనను ఈ ఇసుకకు పుట్టినట్లే పెరుగుచున్నది. మనము ఆకులనుకొను దాని సూదులు నిజమునకు సన్నని కొమ్మలు; ఆకులు వాని కణుపులయందు కంటికి ఆననంతటి పొలుసులుగా కుదించుకొని పోయినవి. గాలికి ఒప్పగింపవలసిన నీటిని అది ఆ విధముగ దాచుకొన్నది. ఇసుకలో లేని నత్రజనిని వేరు బుడిపెలయందలి సూక్ష్మజీవులచేత గాలినుండి సంపాదించుకొనుచున్నది.

సముద్రమునుండి రెండువందల గజములలోపల ఇన్ని వరుసలు! నేల ఒక్కటే ఇసుక, వాన ఒక్కటే వాన, ఎండ ఒక్కటే ఎండ. మారుచున్నదెల్ల గాలి మోసికొని వచ్చు ఉప్పు. అల విరిగినప్పుడు లేచు తుంపరలు గాలిలో ఎండి, కంటికి కనబడని ఉప్పురేణువులై ఆకులపై వ్రాలును. రాత్రి మంచు వానిని కరగించును. తెల్లవారి ఎండ నీటిని ఆవిరిచేసి ఉప్పును ఆకు అంచుననే మిగుల్చును. ఆ ఉప్పు ఆకులోని నీటిని బయటికి లాగును. తడిగాలిలో నిలిచియు ఆకు దాహముతో మాడుట ఈ తీరపు విచిత్రము. మా సీమలో ఆకును పొడిగాలి మాడ్చును. ఇచ్చట ఉప్పుతడి మాడ్చును. మాడిన ఆకులు రెండును చేతబట్టి చూచినచో అంచున ఒక్కటే గోధుమరంగు గీత!

ఊరి తూర్పు అంచున ఒక ఇంటి ముంగిట ఈ పాఠము మరింత దగ్గరగా చదువు అవకాశము కలిగినది. ఆ ఇంటికి సముద్రము దిక్కున రొమ్మెత్తు గోడయు, గోడపై తాటాకుల దడియు కలవు. దడికి వెలుపల గన్నేరు, జిల్లేడు, గంగరావి. లోపల మందారము, కరివేప, రెండు అరటిపిలకలు, మూలను ఒక మల్లెపొద. మందారపు చెట్టు సరిగ దడి ఎత్తువరకు పచ్చగా గుబురుగా పెరిగి, దడిని మించిన జానెడు కొనలు మాత్రము కత్తితో నరికినట్లు ఎండియుండెను. ఇంటి పెద్దావిడ అరుగుపై కూర్చుండి చేపల వల చిక్కు తీయుచుండెను. నేను గోడవతల గంగరావి ఆకును తెంపి నాలుకకు తాకించి చూచుచుండగా ఆమె నవ్వి, "ఉప్పుంటాది బాబూ, ఏటి సూస్తావు" అనెను. లోపలి మందారపు ఆకును గూడ చూడుమని తానే ఒకటి కోసి ఇచ్చెను. దానిలో ఉప్పు లేదు.

"గాలెక్కువైన రోజున సాయంత్రం ఓ చెంబుడు మంచినీళ్ళు ఆకుల మీద జల్లుతాను. మొదట్లో పొయ్యడం కాదు, ఆకులు కడగాల. ఈ మందారాన్ని గోడవతల ఎడితే నెల్లాళ్ళు బతకదు. ఆ గన్నేరు ఇక్కడైనా బతుకుతాది గాని పువ్వు పుయ్యదు, నీడెక్కువ."

ఆమె బడికి పోయినదో లేదో నేనడుగలేదు. మొక్కకు నీరు వేరునకే కాక ఆకునకు గూడ కావలసిన సందర్భమును ఎరిగి, ఏ పూట, ఏ గాలి తరువాత, ఎంత నీరు అను వివేకముతో ఆ చెంబుడు నీటిని వాడుచున్నది. తడిక గాలిని పూర్తిగ ఆపదు, జల్లించును. గాలి నెమ్మదించినచోట ఉప్పు దడికే అంటుకొని మిగిలిపోవును. ఇటుకగోడ అంతయెత్తున కట్టినచో గాలి దానిమీదనుండి దూకి లోపల సుడి తిరుగును. దడి వేయుటయందు ఇంత యోచన యున్నదని ఆమె చెప్పలేదు. ఆ మందారము చెప్పినది.

ఆమె ఇచ్చిన మంచినీరు అదే పెరటి నూతిది. సముద్రము మాటవినబడునంత దూరమున, పది పన్నెండు అడుగుల లోతున, అంత తియ్యని నీరు! మా సీమలో నీటికై వందల అడుగుల రాతిని తొలచువారము, ఆశ్చర్యపడకుండుట ఎట్లు? ఇసుకలో ఇంకిన వాననీరు తేలిక, ఉప్పునీరు బరువు. కనుక వాననీరు ఉప్పునీటిపై తేలుచు నిలుచును. సముద్రమట్టమునకు పైన ఒక అడుగు మంచినీరున్నచో, మట్టమునకు క్రింద సుమారు నలుబది అడుగులవరకు మంచినీరే యుండునని హాలండు దేశపు ఇంజనీరొకరు పందొమ్మిదవ శతాబ్ది చివర తేల్చిరి. ఈ లెక్కకు వెనుక వైపు కూడ కలదు. పంపుపెట్టి పైన ఒక అడుగు తోడినచో, అడుగున నలుబది అడుగుల మేర ఉప్పు పైకి ఎగబ్రాకును. ఆ ఊరివారు చేదలతో తోడుకొన్నంతకాలము నుయ్యి తియ్యగా నిలిచినది. మోటార్ల కాలమున ఎంతకాలము నిలుచునో అని నాకు దిగులు కలిగెను. కొబ్బరి కొంత ఉప్పును సహించును, మల్లె సహింపదు, అరటి అసలే సహింపదు. నూతినీటి రుచి మారినది మనిషి నాలుక కంటె ముందుగ ఆ అరటి ఆకు అంచు చెప్పును.

మరునాడు సాలిహుండము కొండ ఎక్కితిమి. కళింగపట్నమునకు పడమరగా, వంశధార దక్షిణపుటొడ్డున, ఇటుక స్తూపములును చైత్యములును గల ఈ బౌద్ధక్షేత్రమును 1919లో గిడుగు రామమూర్తి పంతులుగారు లోకమునకు తెలిపిరి. పైనుండి చూడగా నది, ఇసుక, తోపులు, దూరమున నీలిగీతవలె సముద్రము ఒక్కచూపులో కనబడును. కొండకు సముద్రము వైపున పొదలు పొట్టిగా, అన్నియు పడమరకు ఒదిగి, ఎవరో దువ్వెనతో దువ్వినట్లున్నవి. వెనుకవైపు దిగగానే చెట్లు నిటారుగా లేచినవి. కొండ ఎత్తు స్వల్పమే. ఐనను దాని చాటున వాతావరణమే మారినది. పూర్వము భిక్షువులు ఇచ్చట ఆరామములు నిర్మించుకొన్నప్పుడు ఏ మూల ఏ మొక్క నాటిరో తెలియు దారి లేకున్నను, గాలి ఎరుగనివారు ఈ కొండపై వందల యేండ్లు నివసింపజాలరని మాత్రము నమ్మవచ్చును.

ఆ కొండపై కూర్చుండగా నాకు సామర్లకోట తలపునకు వచ్చెను. ఈ తీరమునకే చెందిన ఆ ఊరిలో 1781 మొదలుకొని విలియం రాక్స్‌బర్గ్ అను వైద్యుడు ఒక ప్రయోగవనమును పెంచి, మిరియము, కాఫీ, దాల్చినచెక్కవంటి పరదేశపు, కొండదేశపు మొక్కలు మైదానమున బ్రతుకునో లేదో పరీక్షించెను. ఆయన కృషిలో నన్ను ఆకర్షించునది మొక్కల పట్టికకంటె మరియొకటి: ప్రతిదినము గాలి ఒత్తిడిని, వేడిని, వానను కొలిచి వ్రాసికొను అలవాటు. తోటమాలికి పలుగుపారలతోపాటు వానకొలపాత్రయు కావలెనని గ్రహించిన తొలివారిలో ఆయన ఒకరు. 1789 తరువాత వానలు వరుసగా తప్పి ఈ సర్కారు జిల్లాలలో ఘోరక్షామము వచ్చినప్పుడు ఆయన లెక్కలే సాక్ష్యముగ నిలిచినవి. అటుపిమ్మట ఆయన పొలములను నమ్ముకొన్నది చాలదనియు, కొబ్బరి, పనస, అరటివంటి చెట్లను కాలువగట్లను, బాటల ప్రక్కలను విరివిగ నాటవలెననియు ప్రభుత్వమునకు సూచించెను. వరి ఒక్క నెల వానకు తలయొగ్గును. చెట్టు వెనుకటి యేండ్ల తడిని లోతున దాచుకొని క్షామమునెదుర్కొనును. 1793లో ఆయన కలకత్తా తోటకు తరలిపోయెను. ఆయన కోరమాండలు తీరపు మొక్కలను గూర్చి ప్రకటించిన బృహద్గ్రంథమున తెలుగు పేర్లు చోటుచేసికొన్నవి. మన ముత్తాతల నోటి మాటలు అట్లు శాస్త్రమునకు చేరినవి.

ఉత్తరముగ పలాస దాటి ఉద్దానమున అడుగిడగానే ఎండ తగ్గినట్లు తోచినది. మందస, సోంపేట, కవిటి పరిసరములలో కొబ్బరి, జీడిమామిడి, పనస కలగలసి పెరుగు ఆ తోటల లోపల నడచుట మండువాలోగిలిలో నడచుటవలె హాయిగనుండును. పడమట మహేంద్రగిరి 1500 మీటర్ల ఎత్తున మేఘములను అడ్డుకొని నిలిచియున్నది; తూర్పున సముద్రము. నడుమ ఇసుకనేల. గాలి తడిగ, నేల ఆరుగ నుండుటయే పనసకు స్వర్గము. దాని వేళ్ళచుట్టు నీరు నిలువరాదు, దాని ఆకులచుట్టు తడి తొలగరాదు. మా ఇంటి పనసమొక్క కష్టము నాకు అచ్చట పూర్తిగ అర్థమైనది: నేను తడి పెట్టవలసినచోట పెట్టలేదు, పెట్టుటకు నావద్ద లేదు కూడ. జీడిమామిడి కథ వేరు. బ్రెజిలు దేశపు సముద్రతీరపు ఇసుకలలో పుట్టి, పదునారవ శతాబ్దిలో పోర్చుగీసువారి ఓడలలో వచ్చిన ఈ చెట్టు, వానకారున నిండుగ త్రాగి, పూతకాలమున ఎండను కోరును. మాఘపు పూతలో ఉన్న దాని కొనకొమ్మలను చూచి, మబ్బు పట్టకుండ చూడుమని రైతులు దైవమును వేడుచుండిరి. ఒక్కతోటలో పక్కపక్కన నిలిచిన రెండు చెట్లలో ఒకటి మబ్బు కోరును, ఒకటి వలదనును!

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను ఈ తోటలపై విరుచుకుపడినది. మాకు ఆతిథ్యమిచ్చిన రైతు ఆ మాట ఎత్తగానే కొంతసేపు మౌనముగ నుండి, పిమ్మట తోట చూపించెను. "కొబ్బరి కాస్త వంగి నిలబడింది బాబూ, తలలు విరిగినవి విరిగిపోయినాయి. పనసలు మాత్రం వేళ్ళతో లేచిపోయినాయి, మా తాత నాటినవి." ఆయనకు చెట్లు పోయిన దుఃఖముకంటె ఆ మరుసటి వేసవి మరింత బాధించినదట. నీడ పోయినచోట కంద ఎండిపోయినది, అరటి ఆకులు చీలికలై మాడినవి, నిలిచిన కొబ్బరి మట్టలు సైతము వ్రేలాడినవి. వాన తగ్గలేదు, సముద్రము కదలలేదు. తోట లోపలి గాలి మారినది. చెట్టు వేరున త్రాగిన నీటిని ఆకున విడుచుచు తన క్రింద తడిని నిలుపుచుండును. ఆ తడిని పంచుకొని క్రింది మొక్క బ్రతుకును. క్రింది మొక్క నేలను కప్పి పై చెట్టు వేళ్ళను చల్లబరచును. ఆ ఒప్పందము తెగినప్పుడు అంతకుముందు తడిసీమగానున్న నేలయే మా అనంతపురమువలె దాహముగొన్నది. సముద్రముచేతను కొండచేతను వచ్చిన శీతోష్ణమును ఈ తోట తానుగా మరికొంత తయారుచేసికొనుచుండెనని, అది పోయినప్పటికిగాని తమకు తెలియలేదని ఆయన అనెను.

కొబ్బరి విషయమున ఆయన ఓర్పు అబ్బురపరచినది. కొబ్బరి మొవ్వులో గెల రూపు దాల్చినది మొదలు కాయ ముదిరి దిగువరకు సుమారు మూడున్నర సంవత్సరములు పట్టును. అందువలన ఈ యేటి ఎండకు శిక్ష ఏ మూడవ యేటనో పడును. తుఫాను తరువాత నిలిచిన చెట్లు రెండేండ్లు కాపు తగ్గించినపుడు పక్క ఊరివారు చెట్లు కొట్టివేసిరనియు, తాను మాత్రము ఆగితిననియు, పాదులలో పేడయెరువుతోపాటు ఉప్పు కూడ వేసితిననియు చెప్పెను. తక్కిన మొక్కలను చంపు ఉప్పు కొబ్బరికి ఆహారము. అందులోని క్లోరినును అది కోరి గ్రహించును. కూలిన పనసల గుంతలలో ఆయన వెంటనే పనస నాటలేదు. మొదట అరటి, మునగ; అవి నీడ పట్టిన మూడవయేట పనస. "నీడలో పుట్టాలి బాబూ అది, ఎండలో పెరగాలి" అనెను.

మధ్యాహ్నము వారింట లేత పనసకాయను సన్నగా తరిగి ఆవపెట్టిన కూరయు, చోడి అంబలియు, బెల్లము వేసిన గుమ్మడికాయ పులుసును వడ్డించిరి. ఆ ఇల్లాలు పక్కనే కూర్చుండి, మేము ఇక చాలనువరకు కాదు, చాలనిన తరువాత మరియొక గరిటె వడ్డించుట మర్యాదగా భావించెను. మా ఊరి రాగిసంగటిని గూర్చి చెప్పగా, అంబలికి తోడు ముద్ద కూడ తాము చేయగలమని, రాత్రికి ఉండుమని పట్టుబట్టెను. కారము మాకంటె తక్కువ, తీపి ఎక్కువ. చెమట ఆరని గాలిలో బ్రతుకువారి భోజనము, చెమట పుట్టకమునుపే ఆరు గాలిలో బ్రతుకువారి భోజనమునకు భిన్నముగ నుండుటలో నాకు వింత తోచలేదు.

బయలుదేరుటకు ముందు ఆ రైతు నన్ను పెరటివైపు తీసికొనిపోయి ఒక దానిమ్మచెట్టును చూపెను. నిండ పూచియుండెను, కాయలు మాత్రము నల్లని మచ్చలతో, పగిలిన బుగ్గలతో వ్రేలాడుచుండెను. దానిమ్మల దేశమునుండి వచ్చినవాడనని తెలిసి, అంతవరకు తాను చెప్పినది చాలునని, ఇప్పుడు నన్ను చెప్పుమనెను. వాన తుంపరలతో ప్రాకు ఆ మచ్చ తెగులును గూర్చియు, తడియు పొడియు మారిమారి వచ్చినచో తోలు పగులుటను గూర్చియు చెప్పితిని. మా రైతులు చెట్టుకు నీరాపి బెట్టకు గురిచేసి, ఆకు రాల్చి, పొడిగాలి నెలలలో కాయ ముదురునట్లు పూతను తెచ్చుకొను విధానమును గూడ వివరించితిని. ఆయన శ్రద్ధగ విని, చెట్టు మొదటిలోని ఇసుకను పిడికిట తీసి నలిపి చూచి, "నీళ్ళు ఆపగలను గాని గాలిని ఆపలేను కదా బాబూ" అనెను. నిజమే. పందిరి వేసి వాన తుంపర పడకుండ చేయవచ్చునేమోనని నేనింకను ఆలోచించుచుండగా, ఆయన మచ్చపడిన కాయలన్నిటిని కోసి గంపలో వేసి, తెగులు పక్కచెట్టుకు అంటకుండ కాల్చివేయుటకు కొడుకుచేతికిచ్చి, "మా ఇంటిది పూలు ఇష్టపడతాది. పూలకే ఉంచుతాను" అనెను.